ఇత్తడి గిన్నెలో కాచిన పాలు బాబుకి పట్టాను, ఏమైనా అవుతుందా డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఎనిమిదో నెల. ఇత్తడి గిన్నెలు మంచివన్న వీడియోలు చూసి అమ్మమ్మగారి ఇత్తడి గిన్నెలు అటక మీంచి దింపాను, మూడు వారాలుగా ఆవుపాలు అందులోనే కాచి పడుతున్నాను. మొన్న మా ఆడపడుచు వచ్చి చూసి, లోపల కళాయే (తగరం పూత) లేదు, పిల్లాడికి విషం పెడుతున్నావు అంది. అత్తగారేమో మేమంతా అందులో తాగే పెరిగాం అంటున్నారు. నాకైతే నిద్ర పట్టట్లేదు. - ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కంగారు పడకండమ్మా, మూడు వారాలకే పెద్ద ప్రమాదం జరిగిపోయి ఉండే అవకాశం చాలా తక్కువ. కానీ ఆ గిన్నెలో పాలు కాచడం మాత్రం ఇవాళే ఆపేయండి. ఈ విషయంలో మీ ఆడపడుచుదే కరెక్ట్, కాకపోతే కాస్త గట్టిగా చెప్పింది అంతే.

ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసిన లోహం. పాలల్లో పులుపు లేదు కదా ఏమవుతుందిలే అనుకుంటాం గానీ, పాలల్లో ఉండే కేసిన్ అనే ప్రొటీన్ రాగిని పట్టుకుని లాగేస్తుంది, కాచి అందులోనే వదిలేస్తే ఇంకా ఎక్కువ దిగుతుంది. పెద్దవాళ్లకైతే ఎక్కువైన రాగిని లివర్ పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. పసిపిల్లలకి పుట్టుకతోనే లివర్‌లో రాగి నిల్వ ఉంటుంది, దాన్ని బయటికి పంపే శక్తి ఇంకా పూర్తిగా వచ్చి ఉండదు. తల్లిపాలల్లో రాగి తక్కువే కాబట్టి వాటితో ఇబ్బంది లేదు.

ఒకప్పుడు మన దేశంలో ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అని ఒక జబ్బు ఉండేది, ఆరు నెలల నుంచి నాలుగైదేళ్ల లోపు పిల్లలకి పొట్ట ఉబ్బి, లివర్ రాయిలా గట్టిపడి, కామెర్లొచ్చి, చాలామంది కొన్ని నెలల్లోనే పోయేవాళ్లు. ఒకే ఇంట్లో అన్నదమ్ములకి వరసగా వచ్చేది కాబట్టి వంశంలో ఉందనో, మందు పెట్టారనో, దిష్టి అనో రకరకాలుగా అనుకునేవాళ్లు. 1983లో బ్రిటిష్ డాక్టర్ స్టూవర్ట్ టానర్, పుణె పిల్లల డాక్టర్లు కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు, ఈ పిల్లలకి చిన్నప్పుడే ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచిన పశువుల పాలు పట్టారని, కారణం అదే కావచ్చని. స్టీల్ గిన్నెలు ఇంటింటికీ వచ్చాక ఆ జబ్బు దాదాపు మాయమైపోయింది, ఇప్పటి పీజీ స్టూడెంట్లు పుస్తకంలో చదవడమే. మనం తిట్టుకునే స్టీల్ గిన్నె ఎంతమంది పిల్లల్ని కాపాడిందో! మన దగ్గరే కాదు, ఆస్ట్రియాలో టిరోల్ అనే కొండ ప్రాంతంలో కూడా కళాయి లేని రాగి గిన్నెల్లో పాలు కాచేవాళ్లు, 1900 నుంచి 1974 మధ్య అక్కడ 138 మంది పసిపిల్లలు ఇలాంటి జబ్బుతోనే పోయారు. అక్కడ జన్యువుల పాత్ర కూడా ఉందన్నారు, అంటే అందరికీ రాదు, కానీ ఎవరికి వస్తుందో ముందుగా తెలీదు.

మరి మీ అత్తగారికి ఏం కాలేదే అంటే, వాళ్ల రోజుల్లో కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చేవాడు, నవసారం చల్లి తగరం పూసి ఇచ్చేవాడు, అరిగితే మళ్లీ వేయించేవాళ్లు. వీడియోలవాళ్లు గిన్నె చూపించారు గానీ ఆ కళాయి ముచ్చట వదిలేశారు. చింతపండుతో తోమితే చిలుము ఊడి నీళ్లు రంగు మారతాయి చూశారా, కళాయి లేని గిన్నెలో చారు కాచినా జరిగేది అదే, కాకపోతే అది సింకులోకి పోదు.

బాబుని ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించి పొట్ట, లివర్ చూడమనండి, అవసరమైతే ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ ఎలా పనిచేస్తోందో చూసే రక్త పరీక్ష, ఆయనే రాస్తారు. పొట్ట ఉబ్బడం, కళ్లు పచ్చబడటం, ఊరికే చిరాకు పడటం ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. ఇంకోటి, గిన్నె సంగతి అటుంచితే, ఏడాది నిండే దాకా ఆవుపాలు ముఖ్య ఆహారంగా వద్దు, తల్లిపాలు, చాలకపోతే ఫార్ములా, దాంతోపాటు మెత్తటి అన్నం పప్పు పెట్టండి.

గిన్నెలు పారేయక్కర్లేదు. కళాయి వేయించి పెద్దవాళ్లకి వండుకోండి, ఖాళీ గిన్నె పొయ్యి మీద మరిచిపోకండి, తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది. వేసేవాడిని మాత్రం శుద్ధమైన తగరమేనా అని అడగండి, సీసం కలిసిన టంకం చవకని కొందరు అదే పూసేస్తారు, అప్పుడు రాగి బాధ పోయి సీసం బాధ మొదలవుతుంది.