కయాక్ కిట్ తెచ్చుకున్న అబ్బాయికి

నాయనా,

కయాక్ అనే సన్నటి తెడ్డు పడవను ఇంట్లోనే కట్టుకునే కిట్ వచ్చిందని రాశావు, చాలా సంతోషం. పెట్టె విప్పకముందే టేపు పట్టుకుని గది కొలుచుకో. పడవ 5 మీటర్లదైతే దాని చుట్టూ నువ్వు తిరిగే చోటు కూడా ఉండాలి. తయారయ్యాక గుమ్మం దాటి మలుపు తిరుగుతుందా లేదా అన్నది ఇప్పుడే చూసుకో.

ప్లైవుడ్ ముక్కలు 4 మిల్లీమీటర్ల మందమే కదా, పడవ బరువు ఆపుతాయా అని భయపడకు. లోపలా బయటా ఎపాక్సీ అనే రెండు ద్రవాలు కలిపే జిగురు, గాజు పోగుల ఫైబర్‌గ్లాస్ గుడ్డ పడ్డాక వాటి బలమే వేరు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. ముక్కల అంచులు రాగి తీగలతో కుట్టడం అయిపోగానే జిగురు డబ్బా తెరవకు. తీగలు మొదట వదులుగానే మెలిపెట్టు, అంచులన్నీ కలిశాక కొంచెం కొంచెంగా బిగించు. తర్వాత ముందొకటి, వెనకొకటి తిన్నని బద్దలు పడవకు అడ్డంగా పెట్టి, వంగి ఒక కన్ను మూసి చూడు. రెండు బద్దలూ ఒకే వాలులో కనపడాలి. ఒకటి ఏ మాత్రం ఒరిగినా పడవ మెలితిరిగినట్టే. ఇప్పుడైతే నాలుగు తీగలు వదులు చేస్తే సరిపోతుంది. ఎపాక్సీ గట్టిపడ్డాక ఇక సరిచేయలేవు, పడవ ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. రాత్రికి అలా వదిలేసి పొద్దున మళ్లీ చూడు.

ఎపాక్సీ కొలత దాని డబ్బా మీద రాసినట్టే ఉండాలి. గట్టిపరిచే రెండో ద్రవం, అంటే హార్డెనర్, ఎక్కువ పోస్తే త్వరగా ఆరదు, సరిగ్గా గట్టిపడదు. కొంచెం కొంచెమే కలుపు, కలిపింది వెడల్పాటి పళ్లెంలో పోసుకో. కప్పులో ఉంచేస్తే వేడెక్కి పొగలొస్తాయి. గ్లవ్స్ లేకుండా మాత్రం ముట్టుకోకు. దాని ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే జన్మంతా వదలదు, ఈ పనికే దూరమవుతావు. సాండ్‌పేపర్ పట్టేటప్పుడు మంచి మాస్కు పెట్టుకో.

గుడ్డ పరిచే పని సాయంత్రం, వేడి తగ్గుతున్నప్పుడు పెట్టుకో. చెక్క వేడెక్కుతుంటే లోపలి గాలి బయటికొచ్చి బుడగలు కడుతుంది. ఎపాక్సీ పీల్చగానే తెల్లటి గుడ్డ మాయమై చెక్క గీతలు పైకి తేలతాయి, చూడ్డానికి ఎంత బాగుంటుందో! తెల్లగా మిగిలితే అక్కడ తడి చాలలేదని, మెరుస్తూ మడుగు కట్టిందంటే ఎక్కువైందని అర్థం. ఎక్కువైంది రబ్బరు బద్దతో లాగెయ్. ఆరాక జిడ్డులాంటి పొర కనపడితే నీళ్లతో కడిగి, ఆ తర్వాతే సాండ్‌పేపర్ పట్టు.

వార్నిష్ అందానికే కదా అని మానేయకు. ఎపాక్సీ ఎండకు తట్టుకోదు, అందుకని యూవీ నుంచి కాపాడే రకమే వెయ్యి.

మొదటిసారి ఒడ్డు పక్కనే, లైఫ్ జాకెట్ వేసుకుని, తోడుగా ఒకరిని పెట్టుకుని దిగు. పైకి రాగానే ముందూ వెనకా ఉన్న మూసిన అరల మూతలు తీసి చేత్తో తడుము. చెమ్మ తగిలితే అది ఎటు నుంచి వస్తోందో పట్టుకుని, చెక్క పూర్తిగా ఆరాకే మూయి.

ఇట్లు,
మీ పెదనాన్న