కమిషన్ మీద బతికిన మనిషి

చిరంజీవి తమ్ముడికి,

నీ డ్రాఫ్ట్ చదివాను. డాలస్‌లో మీకు ఇల్లు ఇప్పించిన పెద్దాయన కుర్రతనంలో రోడియోల్లో, అంటే కౌబాయ్‌ల పోటీల్లో, ఎద్దులెక్కేవాడని తెలిసి ఆయన కథ రాయబోవడం మంచి ఆలోచన. మనవాళ్లు అమెరికా గురించి రాస్తే ఎంతసేపూ వీసా టెన్షన్లే. కాకపోతే ఒకటి మొహమాటం లేకుండా చెప్తాను. ముప్పాతిక కథ ఎద్దు మీదే నడిపి, తర్వాతి ముప్పై ఏళ్లూ ఇళ్లూ పొలాలూ అమ్మిన కాలాన్ని చివర్లో చుట్టచుట్టి పడేశావు. అదీ ‘పాపం, ఆఖరికి రియల్ ఎస్టేట్‌లో పడ్డాడు’ అన్న ధోరణిలో. పాపం ఏముంది అందులో?

డబ్బు లెక్క చూడు. రోడియోలో జీతం ఉండదు. ఎంట్రీ ఫీజు రైడరే కట్టుకోవాలి. పెట్రోలు, మోటెల్, విరిగిన ఎముకకు కట్టు, అన్నీ సొంత ఖర్చే. ఎద్దు మీద 8 సెకన్లు నిలవకపోతే చేతికి సున్నా. 1936లో బోస్టన్ గార్డెన్ అనే స్టేడియంలో రైడర్లు పోటీ మానేసి బయటికొచ్చింది ఈ విషయం మీదే. తాము కట్టిన ఫీజు కూడా బహుమతి సొమ్ములో కలపమన్నారు. ఆ గొడవలోంచి వచ్చిన సంఘానికి తాబేళ్ల పేరు పెట్టుకున్నారు. అదే పేర్లు మార్చుకుంటూ 1975లో పీఆర్‌సీఏ (ప్రొఫెషనల్ రోడియో కౌబాయ్స్ అసోసియేషన్) అయింది. అక్కడ ర్యాంకు కూడా డబ్బుతోనే, గెలిచిన డాలరుకి ఒక పాయింటు. ఒక్కో విభాగంలో మొదటి 15 మందికే డిసెంబర్‌లో లాస్ వేగాస్ ఫైనల్స్‌లో చోటు.

మరి ఏజెంటు బతుకో? అక్కడా కమిషనే. టెక్సస్‌లో అగ్రిమెంటు అయ్యాక కూడా, కొనేవాడు కొద్దిపాటి ఫీజు కట్టి ఆప్షన్ గడువు తీసుకున్నాడంటే, ఆ గడువులోపు కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. అప్పటిదాకా కారులో తిప్పి చూపించిన ఖర్చంతా ఏజెంటు నెత్తినే. క్లోజింగ్, అంటే ఇల్లు చేతులు మారడం, అయితేనే డబ్బు, అందులోనూ బ్రోకర్ వాటా పోగా మిగిలింది. అంటే మీ పెద్దాయన బతుకు లెక్క మారనే లేదు. నీ కథ ఇక్కడుందని నా అనుమానం.

ఎద్దు భాగంలో దుమ్ము, చప్పట్లు, కేకలు తగ్గించి తాడు చూపించు. ముంగాళ్ల వెనగ్గా ఎద్దు చుట్టూ వేసే జడలాంటి బల్లపరుపు తాడది. తొడుగు వేసుకున్న చెయ్యి దాని పిడిలో పెట్టి, ఇంకొకడు తాడు బిగించాక, కొసను అరచేతికి చుట్టుకుని రెండో చేత్తో పిడికిలి మీద గుద్ది మూస్తాడు. కింద ఒక గంట వేలాడుతుంది. పట్టు వదలగానే దాని బరువుకే తాడు జారిపడాలి. చెయ్యి ఇరుక్కుందా, అసలు ప్రమాదం అప్పుడే. రెండో చెయ్యి ఎద్దుకి తగిలితే మార్కులు లేవు. ఈ నాలుగు ముక్కలూ ఆయన నోట చెప్పించు చాలు.

ఇంకోటి నీ డ్రాఫ్ట్‌లో లేనేలేదు. మొత్తం 100 మార్కుల్లో సగం ఎద్దువి. డ్రాలో మెతక ఎద్దు తగిలితే ఎంత బాగా కూర్చున్నా లాభం లేదు. అలాంటప్పుడు జడ్జీలు ఒక్కోసారి రీరైడ్ ఇస్తారు. వచ్చిన తక్కువ మార్కులు ఉంచుకోవాలా, అవి వదులుకుని ఇంకో ఎద్దెక్కాలా, అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఆయన ఎప్పుడైనా ఏం ఎంచుకున్నాడో అడుగు. మనిషి స్వభావం అందులో తెలిసినంత నువ్వు రాసిన వర్ణనల్లో తెలియదు.

జల్లికట్టుతో పోలిక తీసెయ్. అక్కడ మూపురం పట్టుకుని వేలాడతారు, ఇక్కడ ఎక్కి కూర్చుంటారు. తెలుగు పాఠకుడికి ఆ మాత్రం తేడా తెలుసు. లేన్ ఫ్రాస్ట్ అనే రైడర్ ప్రస్తావన కూడా వద్దు. 1989లో షయెన్ రోడియోలో 8 సెకన్లూ పూర్తి చేసి దిగాక ఎద్దు పొడిచి పోయాడాయన, పాతికేళ్ల వయసులో. ఆ చావుని అరువు తెచ్చుకుని నీ కథకి బరువు పెంచడం నాకు నచ్చలేదు. మీ పెద్దాయన బతికున్నాడు కదా!

అమ్మకాల భాగానికి వస్తే, రాంచ్ భూముల గురించి, అంటే పశువుల్ని మేపే పెద్ద పొలాల గురించి అడుగు. టెక్సస్‌లో పైనేల ఒకరిదీ, కింద చమురూ గ్యాసూ ఇంకొకరివీ కావచ్చు. భూమి కొన్నాక కింద హక్కున్నవాడు వచ్చి బోరు దింపుతానంటే ఆపడం కష్టం. ఆ ముక్క కొనేవాళ్లకి ఎప్పుడు చెప్పేవాడు, సంతకానికి ముందా, మొదటి రోజేనా? ఆ జవాబు ఒక అధ్యాయం అవుతుంది. అలాగే మనవాళ్లకి ఇళ్లు చూపించీ చూపించీ ఆయన జేబులో దిక్సూచి పెట్టుకు తిరుగుతాడని, ‘ఈస్ట్ ఫేసింగ్’ అంటూ గుమ్మంలోనే నిలబడతాడని ఒక్క వాక్యం రాసి వదిలేశావే, అన్యాయం. డ్రాఫ్ట్ మొత్తంలో నాకు ప్రాణం కనిపించింది అక్కడే. దాన్ని పేజీ చెయ్.

ఆయన పేరు మార్చు. కొన్నవాళ్ల పేర్లు అసలే వద్దు. ఈసారి వెళ్లినప్పుడు కాసేపు వాళ్లావిడతో కూడా కూర్చో. రెండు పనుల్లోనూ డబ్బు రాని నెలలు ఇల్లు నడిపింది ఆవిడే కదా, ఏ బిల్లు ఆపి ఏది కట్టిందో అడుగు. రాసింది సంక్రాంతి లోపు పంపించు.

మీ అన్నయ్య