అన్నయ్య ఫోన్ పెట్టేశాక మీరు చేసే ఫోన్

ప్రశ్న: పరవాడ ఫార్మా సిటీలోని ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో ప్రొడక్షన్ మేనేజర్‌ని. వయసు 41. తప్పు కనిపిస్తే అందరి ముందే అరిచేస్తాను. పోయిన నెల ఒక జూనియర్ కెమిస్ట్, మందు తయారయ్యే రియాక్టర్ టెంపరేచర్ లిమిట్ దాటిన సంగతి నాకు భయపడి తెల్లారేదాకా దాచాడు. బ్యాచ్ పోయింది. ఇద్దరు వేరే బ్లాక్‌కి మార్చమని అడిగారు. హెచ్‌ఆర్ వాళ్ళు లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి వెళ్ళమంటున్నారు. తలకొట్టేసినట్టుంది. నాన్న పోయాక అన్నయ్యే నన్ను చదివించాడు. రోజూ రాత్రి పదింటికి ఫోన్ చేసి ఇల్లు, ఆఫీసు అన్నీ అడుగుతాడు. ఇప్పటికీ లేచి నిలబడే మాట్లాడతాను. చెప్పకుండా కారు బుక్ చేశానని ఒకసారి నెలరోజులు మాట్లాడలేదు. ఆ ఫోన్ అయ్యాక పదిన్నరకు నేను నైట్ షిఫ్ట్‌కి చేసి ప్రతి రియాక్టర్ వివరం కనుక్కుంటాను. ఈ గొడవ మాత్రం అన్నయ్యకు చెప్పలేదు, బాధపడతాడు. ట్రైనింగ్‌కి వెళ్ళాలా, కంపెనీ మారాలా?

జవాబు: ట్రైనింగ్‌కి వెళ్ళండి, అందులో పరువు పోయేదేమీ లేదు. కంపెనీ మారకండి. ఎక్కడికి వెళ్ళినా పదిన్నర ఫోన్ మీతోనే వస్తుంది. మీరు అడిగినదానికి ఇంతకుమించి చెప్పక్కర్లేదు.

నేను మాట్లాడదలచుకున్నది మీ అన్నయ్య గురించి. పదింటికి ఆయన మిమ్మల్ని లెక్క అడుగుతాడు. పదిన్నరకు మీరు ఇంకొకరిని అడుగుతారు. మీరు కనుక్కునేవన్నీ బ్యాచ్ రికార్డులో రాసే ఉంటాయి, పొద్దున్నే చూసుకోవచ్చు. అయినా ఫోన్ చేయకుండా ఉండలేరు. ఆ కుర్రాడి మీద అంత కోపం వచ్చింది కదా, మరి మీరు చేస్తున్నదేమిటి? జరిగిన నష్టం చెబితే పెద్దాయన ఏమంటాడోనని మీరూ దాస్తున్నారు. అతను ఒక్క రాత్రి దాచాడు, మీరు నెల నుంచి దాస్తున్నారు.

అన్నయ్యను దూరం పెట్టమని చెప్పను. తండ్రి లేని ఇంటిని భుజాన వేసుకున్నవాడు, ఆ రుణం తీరేది కాదు. తమ్ముడు చెడిపోతాడేమోనని అప్పట్లో ఆయన ఎంత భయపడి ఉంటాడో. ఆ భయంతోనే పెంచాడు, బాగానే పెంచాడు. కానీ నలభై దాటిన మనిషి రాత్రిపూట నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవడాన్ని నేను గౌరవం అనను. మీరు నేర్చుకున్న పెద్దరికం అదొక్కటే. ప్లాంటులోనూ అదే చూపిస్తున్నారు.

ప్లాంటులో అది ప్రాణాల మీదికి తెస్తుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో, రన్‌వే మీదే రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీర్ అడిగాడు. ఎంతో పేరున్న కెప్టెన్ ఆ అనుమానాన్ని కొట్టిపారేశాడు. ఇంజినీర్ మళ్ళీ అడగలేదు. కింది ఉద్యోగి పైవాడిని ప్రశ్నించడాన్ని, పైవాడు వినడాన్ని విమాన సంస్థలు తర్వాతి ఏళ్ళలో పాఠంగానే నేర్పాయి. మీ రియాక్టర్లలో మంటలంటుకునే సాల్వెంట్లు (ద్రావకాలు) ఉంటాయి. వేడి అదుపు తప్పితే పోయేది బ్యాచ్ ఒక్కటే కాదని మీకు నేను చెప్పాలా?

ఈ ఆదివారం అన్నయ్య ఇంటికి వెళ్ళండి. భోజనాలయ్యాక, వదినగారు కూడా ఉండగా, కూర్చుని చెప్పండి. బ్యాచ్ పోయిందనీ, తప్పు మీదేననీ, ట్రైనింగ్‌కి వెళ్ళాలని నిర్ణయించుకున్నారనీ చెప్పండి. వెళ్ళనా అని అడగకండి. ఇకనుంచి రోజూ కాకుండా ఆదివారాలు తీరిగ్గా మాట్లాడుకుందామని కూడా అనండి. ఆయన నొచ్చుకుంటాడు, మళ్ళీ నెలరోజులు మాట్లాడకపోవచ్చు. ఓర్చుకోండి. పండక్కి మాత్రం ఎప్పటిలాగే ముందు ఆయన గడపే తొక్కండి.

ఇక ఆ కుర్రాడు. ఎవరి ముందు అరిచారో వాళ్ళందరూ ఉన్నప్పుడే, షిఫ్ట్ హ్యాండోవర్ సమయంలో, "నీ మీద అలా అరవడం నా తప్పు. ఈసారి లిమిట్ దాటిన నిమిషంలోనే చెప్పు, అర్ధరాత్రి అయినా సరే" అనండి. క్యాబిన్‌లోకి పిలిచి చెబితే చాలదు. పదిన్నర ఫోన్ మానేయండి, అవసరమైతే వాళ్ళే చేస్తారు. అలా మొదటి ఫోన్ వచ్చినప్పుడు మీ నోటి నుంచి ఏం వస్తుందన్నదే అసలు పరీక్ష. "ఎవడు చేశాడు?" అనకండి. "ఎవరికీ ఏమీ కాలేదు కదా? కూలింగ్ ఆన్ చేశారా?" అని అడగండి. ఏం తేడా జరిగిందో డీవియేషన్ రిపోర్టు రాయించండి. మిగతా విచారణ పొద్దున క్యూఏ (నాణ్యత చూసే) వాళ్ళతో కూర్చుని చేయొచ్చు. రికార్డులో దొంగ లెక్క రాసినవాడిని వదిలేయమనడం లేదు, అది వేరే సంగతి.

కొన్నాళ్ళు మిమ్మల్ని ఎవరూ నమ్మరు. మార్చమని అడిగిన ఇద్దరినీ ఆపకండి, ఎందుకు వెళ్తున్నారని నిలదీయకండి. ఆ కాగితాల మీద ఈ వారమే సంతకం పెట్టండి.