పొలంలో దొరికిన రోమన్ బంగారు నాణెం ఎవరిది?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. కౌలుకు చేస్తున్న పొలంలో కాలువ తవ్వుతుంటే బంగారు నాణెం దొరికింది. ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకుని, భుజాన బల్లెం ఆన్చుకున్న రాజు. రెండోవైపు పొడవాటి సిలువ పట్టుకున్న రెక్కల దేవత, అడుగున 'సి ఓ ఎన్ ఓ బి' అనే ఇంగ్లీషు అక్షరాలు. నాలుగున్నర గ్రాములకు కాస్త తక్కువ తూగింది. భూమి యజమాని తనదే అంటున్నారు. బంగారం షాపాయన కొంటానంటున్నాడు. అమెరికాలో ఉన్న మా బావ పంపితే వేలంలో పెడతానంటున్నాడు. ఏ రాజుదో తేలాక అధికారులకు చెప్పవచ్చా?

జవాబు: తేలేదాకా ఆగకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే, వీలైనంత త్వరగా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి రాస్తే చాలు. చక్రవర్తి పేరు అక్కర్లేదు. 'దాచింది కాదు, ఎవరో జారవిడుచుకున్నది' అనే వాదనను నమ్ముకుని ఊరుకోవద్దు.

మీ వర్ణనను బట్టి అది సాలిడస్ అనే రోమన్ బంగారు నాణెం కావచ్చు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి ప్రవేశపెట్టిన ఈ నాణేలను ఒక రోమన్ పౌను బంగారానికి 72 చొప్పున కొట్టేవారు. అడుగు అక్షరాలు కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని, మేలిమి బంగారాన్ని సూచిస్తాయి. పొడవాటి సిలువతో దేవత రెండో థియోడోసియస్ (408–450) కాలంలో మొదలై, తర్వాతి చక్రవర్తులు మార్షియన్, మొదటి లియో నాణేల మీదా కొనసాగింది. అందుకే బొమ్మ చూసి పేరు చెప్పలేం. రాజు తల చుట్టూ 'డి ఎన్' ('మా ప్రభువు' అనే బిరుదు) తర్వాతి అక్షరాలు చదవాలి. మన దేశంలోనే రోమన్ నాణేలను చూసి చేసిన పాత నకళ్లూ ఉన్నాయి. నకలైనా వందేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం దృష్టిలో పురావస్తువే.

ఇక వాటా. కలెక్టరు ప్రకటన ఇచ్చాక, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య నిర్ణయించిన తేదీన హక్కుదారులు హాజరు కావాలి. మీరూ భూమి యజమానీ ఒప్పందానికి రాకపోతే మూడొంతులు మీకు, పావు వంతు ఆయనకు. అయితే పంపకానికి ముందే ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువ, దానిపై ఐదో వంతు మాత్రమే ఇస్తుంది. అరుదైన నాణేనికి ఇది అన్యాయమైన లెక్కే. ఈ భయంతోనే ఎన్నో నాణేలు కుంపట్లో కరిగిపోతున్నాయి. ఈ చట్టాన్ని మార్చి తీరాలి.

అలాగని దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు పడవచ్చు. దాచడానికి సహకరిస్తే యజమాని వాటా కూడా పోతుంది. ఈ మాట ఆయనకు ఇవాళే చెప్పండి. పురావస్తువుల వ్యాపారానికి 1972 చట్టం కింద లైసెన్సు కావాలి, షాపాయన దగ్గర అది ఉన్నా మీరు ముందు కలెక్టరుకు చెప్పాల్సిందే. విదేశానికి పంపడం మరీ ప్రమాదం. ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు శిక్ష ఉంది.

నాణేన్ని తోమకండి, గీకి చూడనివ్వకండి. రెండు వైపులా ఫొటోలు తీసి, దొరికిన చోటు సర్వే నంబరు, లోతు రాసుకోండి. పల్నాడు మట్టిలో అది ఏ పొరలో ఉందన్నది చరిత్రకారులకు నాణెమంత విలువైనది. నోటీసు ఇచ్చి రసీదు తీసుకోండి, నాణేన్ని దగ్గర్లోని ప్రభుత్వ ఖజానాలో జమ చేయండి. లేదా అడిగినప్పుడు చూపిస్తానని కలెక్టరు కోరిన పూచీకత్తు ఇవ్వండి.