నా పాత బొలెరోకు ఇన్నోవా టైర్లు వేసిన కథ

"పాత బొలెరో పికప్‌కు కంపెనీ సైజు కాకుండా కాస్త చిన్నవి, చవకైన టైర్లు వేయిస్తే ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. డిస్కుకు, అంటే టైరు బిగించే ఇనుప చక్రానికి, పడతాయా అంటే పడతాయి. బండి కదులుతుందా అంటే కదులుతుంది, ఎక్కుడులో ఇదివరకటి కంటే హుషారుగా లాగుతుంది కూడా. ఆ హుషారు చూసి నేను మూడు నెలలు మురిసిపోయాను.

నాది 2012 మోడల్. పుంగనూరు దగ్గర మా ఊళ్లో టమాటా ఎక్కించుకుని చెన్నై కోయంబేడు మార్కెట్‌కు చేర్చడమే దాని పని. 2021లో నాలుగు టైర్లకూ బటన్లు అరిగి గుండులా నున్నగా అయ్యాయి. బండికి ఉన్న సైజు 235/75 ఆర్15. ఆ నెలలో టమాటాకు కోత కూలి కూడా గిట్టడం లేదు. మండీలో కమీషన్ మాత్రం ధర ఉన్నా లేకపోయినా ఠంచనుగా కోసుకుంటారు, అది వేరే ఏడుపు. చేతిలో డబ్బు ఆడని అలాంటి సమయంలోనే మా బావమరిది నోరు తెరిచాడు. అతడు తిరుపతిలో పాత ఇన్నోవాను టాక్సీగా నడుపుతాడు.

"205/65 వేయించుకో బావా. డిస్కు అదే పదిహేను అంగుళాలు. నా బండికి అవే. ఒక్కో టైరుకు రెండు వేల పైనే మిగులుతుంది" అన్నాడు. తనకు తెలిసిన దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణంవాడు బండిలో ఏం లోడు వేస్తారని ఒక్క మాట అడగలేదు. నాలుగు టైర్లు ఎక్కించి, నిమ్మకాయలు తొక్కించి పంపాడు. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు ఏ వారం, ఏ సంవత్సరంలో తయారైందో చెబుతాయని నాకు అప్పుడు తెలియదు. తర్వాత చూస్తే 1417 అని ఉంది. అంటే 2017లో పద్నాలుగో వారం సరుకు. నాలుగేళ్లు మూలన పడి ఉన్న టైర్లను కొత్తవని అంటగట్టాడు. పాలప్యాకెట్ మీద తేదీ చూసి కొనే మనం టైరు మీద చూడం.

మొదటి నెల నా అంత సుఖపడినవాడు లేడు. పలమనేరు దాకా ఉన్న మిట్టలు ఇదివరకు రెండో గేరు అడిగేవి, ఇప్పుడు మూడో గేరులోనే ఎక్కేస్తోంది. తొమ్మిది వేలు మిగిలాయి. పైగా లీటరుకు పన్నెండు వచ్చే మైలేజీ పదమూడు దాటింది! టీ బంకు దగ్గర నలుగురికీ చెప్పాను. ఇద్దరు అవే టైర్లు వేయించడానికి సిద్ధపడ్డారు కూడా. ఒక్కటే అర్థం కాలేదు. మా ఊరి నుంచి కోయంబేడుకు ఎప్పుడు చూసినా మీటరులో 220 కిలోమీటర్లు తిరిగేది, ఇప్పుడు 249 తిరుగుతోంది. రోడ్డు పనుల వల్ల దారి మళ్లించారు కదా, అందుకేలే అనుకున్నాను. మనకు నచ్చిన లెక్కను మనం ఎప్పుడూ తిరిగి కూడము.

మూడో నెలలో ఒక రాత్రి పన్నెండు వందల కిలోల టమాటాతో మొగిలి ఘాట్ దిగుతున్నాను. పక్కన మా ఊరి పెద్దాయన, సగం సరుకు ఆయనది. రెండు మలుపులు దాటగానే వెనక ఎడమ వైపు ఢామ్మని పేలింది. బండి తోక ఒక్కసారి లోయ వైపు ఊగింది. బ్రేకు తొక్కకుండా గేరు మీదే ఆపాను. అది నా తెలివి కాదు, కాలు బిగుసుకుపోయింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు, తలపాగా తీసి ముఖం తుడుచుకుని మళ్లీ చుట్టుకున్నాడు. ఆ మౌనం కంటే తిట్టినా బాగుండేది.

జాకీ పెట్టి స్టెప్నీ దించాక గుర్తొచ్చింది, స్టెప్నీ మార్చనే లేదని. అది పాత 235. తొమ్మిది వేలు మిగుల్చుకున్న మహానుభావుడు ఐదో టైరు ఎందుకు కొంటాడు? గత్యంతరం లేక అదే బిగించాను. బండి ఒక వైపు లేచి, సంత నుంచి తిరిగొచ్చే తాగుబోతులా ఒరిగి నిలబడింది. నాలుగు కిలోమీటర్లు పోయేసరికి వెనక హౌసింగ్ నుంచి, అంటే వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే డబ్బా నుంచి, ఊళ మొదలైంది. బంగారుపాళెంలో ఒక పంక్చర్ షాపులో దీపం కనిపించేదాకా అలాగే పాకించాను.

షాపులో కుర్రాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. చక్రాలు చూసి నవ్వాడు. "అన్నా, వెనక రెండు చక్రాలూ ఒకే సైజు ఉండాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే చిన్నది ఎక్కువ తిరగాలి. మలుపులో మాత్రమే తిరగాల్సిన డిఫరెన్షియల్ పళ్లు తిన్నటి రోడ్డు మీద కూడా తిరుగుతూనే ఉంటాయి. ఇలా చెన్నై దాకా పోతే హౌసింగ్ విప్పాల్సిందే" అన్నాడు. ముందు ఎడమ టైరు తీసి వెనక్కి వేశాడు, పెద్ద స్టెప్నీని ముందుకు మార్చాడు. స్టీరింగు కుడి వైపు లాగుతుంది కానీ గేర్లు బతుకుతాయన్నాడు. తర్వాత పేలిన టైరు మీద టార్చి వేసి సైజు పక్కనున్న 94 అనే అంకె చూపించాడు. "ఇది బరువు గుర్తు అన్నా. 94 అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోస్తుంది. కారు టైరు ఇది. దీని మీద టమాటా ఎక్కిస్తారా?" నా స్టెప్నీ మీద 105 ఉంది, అంటే 925 కిలోలు. పన్నెండేళ్లు స్టీరింగు పట్టినవాడిని, ఆ అంకె ఎందుకుందో అంతవరకూ ఎవరినీ అడగలేదు.

అక్కడి నుంచి నలభై దాటకుండా నడిపి కోయంబేడు చేరేసరికి తెల్లగా తెల్లారింది. మంచి బేరాలన్నీ చీకటితోనే అయిపోయాయి. అడిగిన ధరకు ఇచ్చి వచ్చాను. తొమ్మిది వేలు అక్కడే సరి.

ఇంటికొచ్చాక మీటరు సంగతి చెబితే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కాగితం తీసుకుంది. టైరు వెడల్పు 235లో 75 శాతం పక్క గోడ ఎత్తు, అంటే 176 మిల్లీమీటర్లు, పైనా కిందా రెండు సార్లు, దానికి డిస్కు పదిహేను అంగుళాలు, అంటే 381 కలిపితే పాత టైరు ఎత్తు 733. కొత్తది అదే లెక్కన 647. "చక్రం చిన్నదైంది నాన్నా, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు చుట్లను లెక్క పెడుతుంది కానీ రోడ్డును కాదు" అంది. నూరు కిలోమీటర్లు పోతే నూట పదమూడు చూపిస్తుందట. నా పదమూడు మైలేజీని ఆ లెక్కలో పెడితే పదకొండున్నర తేలింది. పన్నెండు నుంచి పడిపోయిందన్నమాట! ఎక్కుడులో హుషారూ అంతే, చిన్న చక్రం గేరును దించినట్టు పనిచేసింది. అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరిగి డీజిలు తాగింది. అప్పటి నుంచి మైలేజీ గురించి ఎవరు గొప్పలు చెప్పినా ముందు వాళ్ల టైరు సైజు అడుగుతున్నాను. చాలామందికి తెలియదు.

గాలి ఎక్కువ పట్టిస్తే సరిపోతుందని మీకు ఎవరో ఒకరు చెబుతారు. సరిపోదు. గాలితో టైరు గట్టిగా కనిపిస్తుందే గానీ 670 కాస్తా 925 అయిపోదు. పాత సైజు టైర్లు వేయించాక తర్వాతి లోడుకు వే బ్రిడ్జి మీద వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూయించాను. 1,760 కిలోలు. ఆ చిన్న టైర్లు రెండూ కలిసి మోయగలిగేది 1,340. మూడు నెలలు అవి ఎలా మోశాయో వాటికే తెలియాలి. మీరు ఖాళీ బండితో పొలానికీ ఇంటికీ తిరిగేవారైతే మీ ఇష్టం, ఐదో టైరు కూడా అదే సైజుది కొనుక్కోండి. లోడు వేసేవారైతే సైజు తగ్గించి కాదు, అదే సైజులో పేరు తక్కువ కంపెనీది, కొత్త తేదీది వెతికి మిగుల్చుకోండి. ఇప్పుడు నా బండికి ఉన్నవి అలాంటివే. 105 అంకె మాత్రం చూసి కొన్నాను.

మిగిలిన మూడు ఇన్నోవా టైర్లనూ మా బావమరిదే సగం ధరకు పట్టుకుపోయాడు. ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా "మైలేజీ ఎంత వస్తోంది బావా?" అని అడుగుతాడు.