కనెక్ట్ బటన్‌కూ ఆకుపచ్చ గుర్తుకూ మధ్య జరిగేదే మీ చదువు

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రైవేట్ క్లౌడ్‌లోని సర్వర్లు, డేటాబేస్‌లకు ఉద్యోగులు సురక్షితంగా కనెక్ట్ అయ్యేందుకు వాడే డెస్క్‌టాప్ టూల్‌ను చూసుకునే బృందంలో నాకు ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. కనెక్షన్ ప్రొఫైళ్లు తయారుచేయడం, యూజర్ల ఫిర్యాదులు పరిష్కరించడం నా పని. ఇది బటన్లు నొక్కే ఉద్యోగమని, దీనివల్ల కెరీర్ ఉండదని స్నేహితులు అంటున్నారు. చేరమంటారా?

సమాధానం: చేరండి. అయితే మీ స్నేహితుల మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. ఆరు నెలలూ ప్రొఫైల్ ఫైళ్లు పంపుతూ, 'ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి' అని చెబుతూ గడిపేస్తే అది నిజంగానే బటన్లు నొక్కే పనిగా మిగిలిపోతుంది. ఇలాంటి టూల్ పేరును రెజ్యూమెలో గొప్పగా రాసుకున్న ఒక అభ్యర్థిని మాక్ ఇంటర్వ్యూలో, కనెక్ట్ నొక్కాక ఆకుపచ్చ గుర్తు వచ్చేలోపు ఏం జరుగుతుందని అడిగాను. 'లాగిన్ అవుతుందండీ' అన్నారు, అంతకుమించి మాట పెగల్లేదు.

ఆ ఒకటి రెండు క్షణాల్లో మీ కంప్యూటర్ సర్వర్ చిరునామాను కనుక్కుంటుంది, ఏ ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చే పద్ధతి) వాడాలో రెండు యంత్రాలూ ఒప్పుకుంటాయి, తాను అసలైన సర్వరేనని అవతలి యంత్రం రుజువు చేసుకుంటుంది, ఆ తర్వాతే మీ కీ (గుర్తింపు కోసం మీ దగ్గరుండే రహస్య ఫైలు) లేదా సర్టిఫికెట్ ద్వారా మీరెవరో తేలుతుంది. టూల్ పైరూపం ఎలా ఉన్నా లోపల పనిచేసేది చాలావరకు ఎస్‌ఎస్‌హెచ్, ఓపెన్‌వీపీఎన్, వైర్‌గార్డ్ వంటి ప్రోటోకాళ్లే, అంటే యంత్రాలు సురక్షితంగా మాట్లాడుకునే నియమాలే. ఎస్‌ఎస్‌హెచ్‌ను 1995లో ఫిన్లాండ్‌కు చెందిన తాతు ఇలొనెన్ తమ విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను ఎవరో దొంగచాటుగా పట్టుకున్న ఘటన తర్వాత రూపొందించారు. ఇప్పుడు వాడుతున్న దాని రెండో వెర్షన్ 2006లో ప్రమాణంగా వెలువడింది. అప్పటి నుంచి డెస్క్‌టాప్ టూళ్లు ఎన్నో వచ్చాయి, పోయాయి. అందుకే మెనూలో ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి మీ శక్తిని ఎక్కువగా ఖర్చుపెట్టకండి.

మీకు వచ్చే ఫిర్యాదులే మీ పాఠ్యపుస్తకం. ఒక ఉదాహరణ చెబుతాను. 'కనెక్టెడ్ అని చూపిస్తోంది, డేటాబేస్ మాత్రం తెరుచుకోవడం లేదు. ఆఫీసులో బాగానే ఉంది, ఇంటి నుంచే రావడం లేదు' అని ఒక ఉద్యోగి రాస్తారు. చూస్తే ప్రైవేట్ నెట్‌వర్క్‌లోని డేటాబేస్ చిరునామా 192.168.1.20, ఆ ఉద్యోగి ఇంటి రౌటర్ కూడా 192.168.1 వరుసలోనే చిరునామాలు ఇస్తోంది. దాంతో ల్యాప్‌టాప్ ఆ డేటాబేస్ ఇంట్లోనే ఉందనుకొని అక్కడే వెతుకుతుంది. కనెక్టెడ్ అన్న మాట అబద్ధం కాదు. టన్నెల్ (ప్రైవేట్ నెట్‌వర్క్‌కు వేసిన సురక్షిత దారి) తెరిచే ఉంది, అందులోకి ప్యాకెట్లే (డేటా ముక్కలే) వెళ్లడం లేదు. రౌటింగ్ టేబుల్ (ఏ చిరునామాకు ఏ దారిలో వెళ్లాలో చెప్పే పట్టిక) తీసి చూసినవారికి ఇది ఐదు నిమిషాల్లో తేలుతుంది, చూడనివారు టూల్‌ను మూడుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఎర్రర్ సందేశాలను కూడా ఇదే శ్రద్ధతో చదవండి. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' వస్తే సాధారణంగా యంత్రం వరకు చేరారు గానీ ఆ పోర్ట్‌లో (ప్రోగ్రామ్‌ను చేరే నంబరు గల ద్వారంలో) వినే ప్రోగ్రామ్ లేదని అర్థం. 'టైమ్డ్ అవుట్' అయితే దారిలో ఫైర్‌వాల్ మౌనంగా ఆపేస్తోందేమోనని ముందు అనుమానించాలి. 'పర్మిషన్ డినైడ్' వచ్చిందంటే నెట్‌వర్క్ బాగానే ఉంది, కీ సంగతి చూడాలి.

భద్రత విషయంలో ఇలాంటి ఉద్యోగం నేర్పేది ఏ కోర్సూ నేర్పదని నా అభిప్రాయం. 2024 ఏప్రిల్‌లో, ఎంతోమంది వాడే పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ టూల్‌లో 0.68 నుంచి 0.80 వరకు వెర్షన్లలో ఒక లోపం బయటపడింది. పీ-521 అనే రకం కీతో చేసిన సుమారు 60 డిజిటల్ సంతకాలు (లాగిన్‌లో ఇచ్చే గుర్తింపు రుజువులు) దొరికితే చాలు, రహస్యంగా ఉండాల్సిన ప్రైవేట్ కీనే లెక్కగట్టవచ్చు. 0.81 వెర్షన్‌లో సరిచేశారు. కానీ అప్‌డేట్ చేసినంత మాత్రాన పని పూర్తికాలేదు. పాత వెర్షన్‌తో వాడిన అలాంటి కీలన్నింటినీ పనికిరానివిగా భావించి, ప్రతి సర్వర్ నుంచీ వాటికి జతగా అక్కడ ఉంచిన పబ్లిక్ కీలను తొలగించి, కొత్తవి పెట్టవలసి వచ్చింది. ఎవరి దగ్గర ఏ రకం కీ ఉందో, అది ఏయే సర్వర్లలో ఉందో జాబితా ఉన్న బృందానికీ లేని బృందానికీ తేడా అలాంటి రోజునే తెలుస్తుంది. మీరు చేరిన మొదటి నెలలో ఆ జాబితా ఉందా అని అడగండి, లేకపోతే తయారుచేస్తానని చెప్పండి. అలాగే 'సర్వర్ గుర్తింపు మారింది' అన్న హెచ్చరిక కనిపిస్తే సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశారేమో కనుక్కోకుండా 'యస్' నొక్కే అలవాటును, మీలోనూ యూజర్లలోనూ, మొదట్లోనే మానిపించండి.

సొంత సాధన కోసం మీ ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు (ల్యాప్‌టాప్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) చాలు. ఒకదానికి బయటి నుంచి నేరుగా దారి లేకుండా చేసి, అందులో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ పెట్టి, రెండోదాని మీదుగా మీ యంత్రంలోని 5433 పోర్ట్ నుంచి దాని 5432 పోర్ట్‌కు టన్నెల్ వేయండి. కుదిరాక, కీ మార్చి, పోర్ట్ మూసి, కావాలనే చెడగొట్టి, రెండు వైపులా లాగ్‌లో (యంత్రం రాసుకునే నమోదులో) ఏం రాసిందో నోట్ చేసుకోండి. కంపెనీ కీలను, సర్వర్లను ఈ సాధనకు వాడవద్దు. అక్కడి చిరునామాలు కనిపించే స్క్రీన్‌షాట్లను ప్రాజెక్టుగా ఎక్కడా పెట్టవద్దు. ఈ ఒక్క పొరపాటు ఇంటర్న్‌షిప్‌నే పోగొట్టగలదు.

ఇక్కడి నుంచి నెట్‌వర్క్, క్లౌడ్ సెక్యూరిటీ, సైట్ రిలయబిలిటీ (సేవలు ఆగకుండా నడిపే) పనుల వైపు వెళ్లడం సహజం. మీ మనసు కేవలం ప్రోగ్రామింగ్ మీదే ఉంటే మాత్రం, టూల్ సోర్స్ కోడ్ మీ బృందం చేతిలో ఉందో లేదో ముందుగా తెలుసుకోండి. బయట కొన్న టూల్ అయితే మీకు ఆ అవకాశం దాదాపు ఉండదు. చేరే ముందు మేనేజర్‌ను మరొక్కటి అడగండి: సర్వర్ వైపు లాగ్‌లు చదివే అనుమతి ఇంటర్న్‌లకు ఇస్తారా? ఇస్తామంటే ఆరు నెలలూ ఉండండి. ఇవ్వమంటే మూడు నెలల తర్వాత మళ్లీ అడగండి, అప్పటికీ కాదంటే వేరే అవకాశం చూసుకోవచ్చు.