ఏ పెట్ స్కాన్ అని అడగండి

మీ అమ్మగారి రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకిందని, హార్మోన్ మాత్రలు ఇకపై పనిచేస్తాయో లేదో స్కాన్‌లో తెలుస్తుందా అని అడిగారు. చాలావరకు తెలుస్తుందనే నా అభిప్రాయం. అయితే మన వైపు పెట్ స్కాన్లన్నీ ఒకటేనని అనుకుంటారు. నరంలోకి ఎక్కించే రేడియోధార్మిక మందును బట్టి అది చూపే సంగతే మారిపోతుందని విడమరిచి చెప్పేవారు తక్కువ.

మాకు ఇది నాన్నగారి ప్రొస్టేట్ క్యాన్సర్ వల్ల తెలిసింది. గుంటూరు నుంచి ఆయనను విజయవాడ సూర్యారావుపేటలోని ఒక స్కాన్ సెంటర్‌కు తీసుకువెళ్లాము. పరగడుపున రమ్మని ఫోనులో చెప్పారు. అసలే షుగరున్న మనిషి. మందు ఇంకా సిద్ధం కాలేదని కూర్చోబెట్టేసరికి చెమటలు పట్టి చేతులు వణకసాగాయి. అంతలో టెక్నీషియన్ కుర్రాడు వచ్చి, "బాబాయిగారూ, ఇది గ్లూకోజు మందు కాదండీ, టిఫిన్ చేసి రావలసింది" అంటూ బిస్కెట్లు అందించాడు. ఉపవాసం కావలసింది చక్కెరను పోలిన ఎఫ్‌డీజీకి. ఆయనకు ఇచ్చింది రేడియోధార్మిక గాలియం-68 తగిలించిన పీఎస్ఎంఏ మందు, ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను పట్టుకునేది. ఆ గాలియం రేడియోధార్మికత 68 నిమిషాలకే సగమైపోతుంది కనుక మందు ఆలస్యమైతే అర్థం చేసుకోగలను. ఏ స్కానుకు ఏ నియమమో ఫోను ఎత్తే మనిషికి ఒక కాగితం మీద రాసి ఇవ్వకపోవడాన్ని మాత్రం క్షమించలేను. తీరా బొమ్మ చూస్తే చెంపల దగ్గరా, మూత్రపిండాల్లోనూ నల్లగా కనిపించి ఇంటిల్లిపాదీ హడలిపోయాము. అవి ఆ మందును సహజంగానే పీల్చుకుంటాయట. అసలు జబ్బు తుంటి ఎముకలో, మేము పట్టించుకోని చిన్న చుక్క.

మీరు డాక్టరుగారిని అడగవలసింది ఎఫ్ఈఎస్ పెట్ గురించి. ఈస్ట్రోజెన్‌ను పోలిన అణువుకు ఫ్లోరిన్-18 తగిలించి ఇస్తే, అది ఈస్ట్రోజెన్ గ్రాహకాలున్న (అంటే ఆ హార్మోన్ వచ్చి అతుక్కునే చోట్లున్న) కణితులను పట్టుకుంటుంది. హార్మోన్ మాత్రలు పనిచేయాలంటే ఆ గ్రాహకాలు ఉండాలి. అమెరికాలో దీనికి 2020లో అనుమతి వచ్చింది. బయాప్సీ సూది గుచ్చిన చోటు సంగతే చెబుతుంది; ఇది ఒళ్లంతా ఒకేసారి చూపుతుంది, ఒక ఎముకలో గ్రాహకాలుండి మరొక దానిలో లేకపోవడమూ బయటపడుతుంది. కాలేయం మాత్రం ఈ మందును తనంతట తానే దండిగా తీసుకుంటుంది కనుక అక్కడి గడ్డలను దీనితో తేల్చలేరు. అమ్మగారు టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడుతుంటే ముందే చెప్పండి: ఆ మాత్ర గ్రాహకాలను ఆక్రమించుకుని ఉంటే ఉన్న జబ్బు కూడా లేనట్టు కనిపిస్తుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించే లెట్రోజోల్ వంటి మాత్రలతో ఆ చిక్కు లేదు. ఏ మాత్రనూ స్కాన్ కోసమని మీ అంతట మీరు ఆపవద్దు.